డార్జిలింగ్ వెళ్తున్నారా? ముందు మూడు ఉదయాలు ఖాళీ పెట్టుకోండి

డార్జిలింగ్ వెళ్లొచ్చిన వాళ్లను "కాంచన్‌జంగా కనిపించిందా?" అని అడిగి చూడండి. చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. 8,586 మీటర్ల ఎత్తున్న శిఖరం, ప్రపంచంలో మూడో పెద్దది, ఊరికి ఎదురుగానే ఉంటుంది. అయినా రెండు రాత్రులుండి దాన్ని చూడకుండానే తిరిగొచ్చేవాళ్లు బోలెడుమంది. వాళ్ల ప్లాన్ అంతా ట్యాక్సీవాళ్లు చేతికిచ్చే "పాయింట్ల" లిస్టు ప్రకారం నడుస్తుంది. మబ్బుల లెక్క వేరు. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటే ఉంటుంది, తొమ్మిది, పది గంటలకల్లా లోయల్లోంచి మబ్బు లేచి కొండను కప్పేస్తుంది. మధ్యాహ్నం ఎంతసేపు నిలబడినా తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు.

అందుకే ఇక్కడ ప్లాన్ అంతా ఉదయాల చుట్టూ అల్లాను. మూడు ఉదయాలు కొండకు, మిగిలిన పూటలు రైలుకు, టీకి, నడకకు.

ఏ నెలలో వెళ్లాలి

నా ఓటు అక్టోబర్ మూడో వారం నుంచి డిసెంబర్ మొదటి వారం వరకు. వానలు వెళ్లిపోయి గాలి తేటపడుతుంది, కొండ కనిపించే అవకాశం ఎక్కువ. కాకపోతే దుర్గా పూజ సెలవులకు కోల్‌కతా జనమంతా కొండెక్కుతారు, వాళ్లతోపాటు గది రేట్లూ కొండెక్కుతాయి. దసరా వారాన్ని వదిలేసి దీపావళి తర్వాత బయల్దేరితే ప్రాణానికి హాయి.

అక్టోబర్ మొదటి వారాన్ని నమ్ముకోవద్దు. 2025లో సరిగ్గా ఆ రోజుల్లోనే కుండపోత వానకు మిరిక్ వైపు కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు, దూధియా దగ్గర వంతెన కూలిపోయింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం అసలు ఆలోచనే పెట్టుకోవద్దు. వాన, పొగమంచు, మూసుకుపోయిన రోడ్లు, ఆగిపోయిన టాయ్ ట్రైన్ (కొండెక్కే బుల్లి రైలు).

పిల్లల వేసవి సెలవులే దిక్కయితే ఏప్రిల్, మే నెలలూ పర్లేదు. మన దగ్గర ఎండలు మండుతుంటే అక్కడ స్వెట్టర్ వేసుకుని తిరగొచ్చు. కానీ ఆ నెలల్లో దుమ్ము, మసక ఎక్కువ. కొండ కనిపిస్తే బోనస్ అనుకోవాలి. డిసెంబర్ చివర, జనవరిలో రాత్రి చలి ఒకటి రెండు డిగ్రీలకు దిగుతుంది. ఊళ్లో మంచు పడటం అరుదు కాబట్టి మంచు ఆటల కోసమైతే ఇది మీ ఊరు కాదు.

చేరుకోవడం

రైలుకైనా విమానానికైనా కింద సిలిగురి దాకానే. దగ్గరి పెద్ద స్టేషన్ న్యూ జల్పాయ్‌గుడి, అందరూ ఎన్‌జేపీ అంటారు. విమానాశ్రయం బాగ్‌డోగ్రా.

ఆంధ్ర వైపు వాళ్లకు కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. విజయవాడ, రాజమండ్రి, విశాఖ మీదుగా నేరుగా ఎన్‌జేపీలో దింపుతుంది. విశాఖ నుంచే ఒక రోజుకు పైగా పడుతుంది కాబట్టి పులిహోర కట్టుకుని ఎక్కాలి. తెలంగాణ వాళ్లు సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరి, ఒక పూట కోల్‌కతాలో తిరిగి, రాత్రికి సియాల్దాలో డార్జిలింగ్ మెయిల్ ఎక్కొచ్చు. అది పొద్దున్నే ఎన్‌జేపీకి వస్తుంది, మధ్యాహ్న భోజనానికి పైన ఉంటారు. విమానమైతే హైదరాబాద్ నుంచి నేరుగా దొరికితే సరే, లేకపోతే కోల్‌కతాలో మారాలి. ఎలా వచ్చినా మధ్యాహ్నం ఒంటిగంటలోపు సిలిగురిలో ఉండేలా చూసుకోండి. శీతాకాలంలో అక్కడ ఐదింటికే చీకటి పడుతుంది. చీకట్లో, పొగమంచులో ఆ మలుపుల మీద ప్రయాణం అనవసరపు టెన్షన్.

కింది నుంచి పైకి షేర్ జీప్ లేదా రిజర్వ్ కారు. "రిజర్వ్" అంటే బండి మొత్తం మనదే. సీజన్‌ను, బండిని బట్టి మూడు వేల రూపాయల చుట్టుపక్కల అడుగుతారు. షేర్ జీప్‌లో మనిషికి కొన్ని వందలే. ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు కూర్చుంటారు. ఇద్దరే ఉంటే ముందు సీట్లు రెండూ అడిగి తీసుకోండి. అవి దొరక్కపోతే మధ్య వరుసలో ఇద్దరికి మూడు సీట్ల డబ్బు కట్టండి. వెనక వరుసలో మాత్రం కూర్చోవద్దు, మలుపుల్లో కడుపు తిప్పుతుంది. వాంతుల అలవాటున్నవాళ్లు బయల్దేరడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, వాంతి వచ్చాక వేసుకుంటే లాభం లేదు.

డ్రైవర్‌ను రోహిణి రోడ్డు మీదుగా వెళ్లమనండి. పంఖాబారి దారి దగ్గరే కానీ మరీ నిటారు. రెండూ కర్సియాంగ్‌లో కలుస్తాయి. అక్కడి నుంచి సోనాదా, ఘూమ్ దాటి డార్జిలింగ్. మూడు గంటలన్నారంటే నాలుగు అనుకోండి, ఘూమ్ దగ్గర ట్రాఫిక్ అలాంటిది.

ఎన్‌జేపీ నుంచే టాయ్ ట్రైన్‌లో వెళ్దామని కొందరు ముచ్చటపడతారు. 88 కిలోమీటర్లకు ఏడు గంటల పైమాటే. రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లకు సరే. మిగతావాళ్లు పైన రెండు గంటల జాయ్ రైడ్ చేస్తే చాలు, రుచి తెలిసిపోతుంది.

గది

డార్జిలింగ్ కొండ వాలు మీద అంతస్తులంతస్తులుగా కట్టిన ఊరు. కింద స్టేషన్, చౌక్ బజార్. పైన చౌరస్తా, మాల్ రోడ్డు. చౌరస్తాకు పది నిమిషాల నడకలో గది తీసుకుంటే సాయంత్రాలు బాగా గడుస్తాయి. కానీ అక్కడి చాలా హోటళ్ల గుమ్మం దాకా కారు రాదు, మెట్లెక్కాలి. అమ్మానాన్నల మోకాళ్లు గుర్తు పెట్టుకుని బుక్ చేయండి. పెద్దవాళ్లుంటే గాంధీ రోడ్డు వైపు, కారు ఆగే చోటే మేలు.

బుకింగ్‌కు ముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. మాకిచ్చే గది కిటికీలోంచే కొండ కనిపిస్తుందా? (వ్యూ టెర్రస్ మీద నుంచి ఉన్నా హోటల్ పేరులో "వ్యూ" పెట్టేస్తారు.) వేడి నీళ్లు రోజంతానా, పొద్దున మాత్రమేనా? రూమ్ హీటర్‌కు రోజుకు ఎంత? కారు దిగాక ఎన్ని మెట్లు?

ఊళ్లో నీళ్లకు ఎప్పుడూ కటకటే. సెంచల్ సరస్సుల నుంచి వచ్చే నీళ్లు చాలక ట్యాంకర్లతో తోలుకుంటారు. బకెట్ స్నానంతో సరిపెట్టుకోండి.

సామాను

పెద్ద చక్రాల సూట్‌కేస్ వద్దు. ఆ మెట్ల మీద అది మిమ్మల్ని లాక్కుపోతుంది. వీపు సంచి బెస్ట్. ఒకే లావు కోటు బదులు లోపల థర్మల్, పైన స్వెట్టర్, ఆ పైన గాలి దూరని జాకెట్ వేసుకుంటే ఎండ వచ్చినప్పుడు ఒక్కొక్కటీ తీసేయొచ్చు. పట్టున్న బూట్లు, చిన్న గొడుగు తప్పనిసరి. చేతి తొడుగులు, టోపీలు అక్కడే కొనుక్కోవచ్చు. ఆధార్‌తోపాటు ఓటర్ కార్డు కూడా పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

చేరిన రోజు: బండి ఎక్కొద్దు

ఊరు దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తుకు ఆరోగ్యవంతులకు ఇబ్బంది రాదు కానీ ప్రయాణ బడలిక ఉంటుంది. గదిలో సామాను పడేసి చౌరస్తాకు నడవండి. మధ్యలో భానుభక్త ఆచార్య విగ్రహం ఉంటుంది. రామాయణాన్ని నేపాలీలోకి తెచ్చిన కవి. ఈ కొండల్లో నేపాలీ మాట్లాడేవాళ్లకు ఆయనంటే ఎంత గౌరవమో విగ్రహం దగ్గర పడే పూలదండలే చెప్తాయి.

చౌరస్తా నుంచి మాల్ రోడ్డు అబ్జర్వేటరీ హిల్‌ను చుట్టి మళ్లీ చౌరస్తాలోనే తేలుతుంది. వాహనాలు రావు. తాపీగా నడిచినా అరగంట, ముప్పావుగంట. ఉత్తరం వైపు మలుపులో బెంచీలుంటాయి, ఆ చోటు గుర్తు పెట్టుకోండి, మర్నాటి పొద్దున పని అక్కడే. అబ్జర్వేటరీ హిల్ మీద మహాకాల్ గుడి ఉంది. ఒకే గర్భగుడిలో హిందూ పూజారి, బౌద్ధ లామా ఇద్దరూ కూర్చుంటారు. దారి పొడవునా ప్రార్థన జెండాలు, గంటలు, కోతులు. చేతిలో ప్రసాదం కవరు ఉంటే కోతులు వదలవు.

అక్కడికి దగ్గర్లోనే స్టెప్ అసైడ్ అనే ఇల్లు ఉంది. దేశబంధు చిత్తరంజన్ దాస్ 1925లో కన్నుమూసింది అందులోనే.

రాత్రి పడుకునే ముందు బయటికొచ్చి ఆకాశం చూడండి. చుక్కలు కనిపిస్తే అలారం ఐదింటికి పెట్టండి.

మొదటి ఉదయం మాల్ దగ్గర, రెండోది టైగర్ హిల్ మీద

అందరూ చేరిన మర్నాడే సూర్యోదయం చూడ్డానికి టైగర్ హిల్‌కు పరిగెత్తుతారు. నేను చెప్పేది ఇంకోలా. మొదటి ఉదయం ఆ మాల్ బెంచీల దగ్గరికే నడవండి. పైసా ఖర్చు లేదు, నిద్రా పాడవదు. కొండ అక్కడి నుంచే నిండుగా కనిపిస్తుంది. దాంతోపాటు ఆ వారం వాతావరణం ఎలా ఉందో అర్థమవుతుంది. తేటగా ఉంటే ఆ రోజే హోటల్‌లో చెప్పి మర్నాటికి టైగర్ హిల్ బండి మాట్లాడుకోండి. వాహనాల సంఖ్యకు పరిమితి పెట్టారు, డ్రైవర్లు ముందే టోకెన్ తీసుకోవాలి. కాబట్టి అర్ధరాత్రి నిర్ణయాలు పనికిరావు. మొదటి ఉదయం మబ్బుగా ఉంటే ఒక రోజు వెనక్కి జరపండి. మూడో ఉదయం ఖాళీ పెట్టుకోమన్నది అందుకే.

టైగర్ హిల్ ఊరికి 11 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 2,590 మీటర్లు. మూడున్నర, నాలుగింటికి బయల్దేరాలి. చివరి మలుపుల్లో బండ్లు బారులు తీరి ఆగిపోతాయి. సూర్యోదయానికి ఇరవై నిమిషాలే ఉండగా ఇంకా కార్లో కూర్చుంటే దిగి నడిచేయండి, బండి నంబర్ ఫోటో తీసుకుని. తెల్లవారాక ఒకేలాంటి తెల్ల బండ్ల మధ్య మనది వెతుక్కోవడం అంత తేలిక కాదు.

పైన చలికి పళ్లు టకటకలాడుతుంటే స్థానిక ఆడవాళ్లు ఫ్లాస్కులతో కాఫీ తెస్తారు. ఒకటి కొనండి, తాగడం కన్నా చేతులు కాచుకోవడానికి. ఇప్పుడు అసలు కిటుకు. జనమంతా తూర్పు కంచె దగ్గర తోసుకుంటుంటారు, సూర్యుడు అటు వస్తాడని. కాంచన్‌జంగా ఉండేది ఉత్తరాన. సూర్యుడు మనకు కనిపించక ముందే మొదటి కిరణం ఆ ఎత్తైన శిఖరానికి తగులుతుంది. బూడిద రంగు కొండ అంచున ముందు గులాబీ మచ్చ ఒకటి పడి, అది కిందికి పాకుతూ నారింజ రంగులోకి, బంగారు రంగులోకి మారి, చివరికి మొత్తం తెల్లబడుతుంది. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. తూర్పు వైపు చూస్తూ నిలబడినవాళ్లు వెనక్కి తిరిగేసరికి తెలుపు మాత్రమే మిగులుతుంది.

బాగా తేటగా ఉన్న రోజు వాయవ్యం వైపు చిన్న త్రికోణంలా ఎవరెస్ట్ కూడా కనిపిస్తుంది. పక్కనే దానికన్నా పెద్దగా కనిపించేది మకాలు. అది మనకు దగ్గర కాబట్టి అలా అనిపిస్తుంది.

దిగేటప్పుడు ఘూమ్ మఠం, బతాసియా లూప్ చూపిస్తారు. దీన్నే "త్రీ పాయింట్" అంటారు. ఘూమ్ మఠం అనగానే కొందరు డ్రైవర్లు రోడ్డు పక్కనున్న సామ్తెన్ చోలింగ్ దగ్గర ఆపేస్తారు. 1850 నాటి పాత మఠం ఇగా చోలింగ్, లోపలికి వెళ్లాలి. పదిహేను అడుగుల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉన్నది అందులో. పేరు పెట్టి అడగండి.

టాయ్ ట్రైన్

1879లో మొదలుపెట్టి 1881కల్లా డార్జిలింగ్ చేర్చిన రైలు ఇది. పట్టాల మధ్య దూరం రెండడుగులే. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సొరంగం ఒక్కటి కూడా లేకుండా, వాలు ఎక్కువైన చోట రైలు ముందుకూ వెనక్కూ జరుగుతూ పై మెట్టుకు ఎక్కేస్తుంది.

జాయ్ రైడ్ డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి తిరిగొస్తుంది. సుమారు రెండు గంటలు. మధ్యలో బతాసియా లూప్ దగ్గర పది నిమిషాలు ఆపుతారు. అక్కడ రైలు తన దారిని తానే దాటుతూ గుండ్రంగా తిరుగుతుంది, నడుమ గూర్ఖా సైనికుల స్మారకం. ఘూమ్ 2,258 మీటర్ల ఎత్తున, దేశంలోనే అత్యంత ఎత్తైన రైల్వే స్టేషన్. అక్కడ చిన్న మ్యూజియం ఉంది.

ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేయండి, సీజన్‌లో అప్పటికప్పుడు దొరకదు. డీజిల్, ఆవిరి రెండు రకాలు. ఆవిరి టికెట్ ఖరీదెక్కువ, మనిషికి పదిహేను వందల చుట్టుపక్కల. డబ్బు పెట్టేటప్పుడు ఆవిరికే పెట్టండి. బజార్లో రైలు దుకాణాలను రాసుకుంటూ పోతుంది, కిటికీలోంచి చెయ్యి చాపితే వేలాడే స్వెట్టర్ అందుతుంది (చాపకండి). పట్టాలు తడిగా ఉన్న రోజు ఇంజిన్ ముందు భాగాన కూర్చున్న మనిషి చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక వేస్తుంటాడు. ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదే ఆ ఇంజిన్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. బొగ్గు నలుసులు కంట్లో పడతాయి, కళ్లద్దాలుంటే పెట్టుకోండి. తెల్ల చొక్కా వద్దు.

ఉదయాలు కొండకు కావాలి కాబట్టి రైలుకు మధ్యాహ్నపు టికెట్ తీసుకోండి. మబ్బులో కూడా రైలు రైలే.

జూ, పర్వతారోహణ సంస్థ

గురువారం సెలవు. మిగతా రోజుల్లో తెరవగానే వెళ్లండి, చౌరస్తా నుంచి నడిచే దూరమే. 1958లో మొదలైన ఈ జూకు తర్వాత పద్మజా నాయుడు పేరు పెట్టారు. సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాద్‌లో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా చేశారు. ఎర్ర పాండాలు, మంచు చిరుతల సంతతి పెంచడంలో ఈ జూకు పెద్ద పేరు. ఎర్ర పాండా చెట్టు కొమ్మ మీద ముడుచుకుని పడుకుంటుంది, కింద వెతికితే దొరకదు.

అదే టికెట్ మీద, జూ లోపలే హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎవరెస్ట్‌ను మనిషి మొదటిసారి ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో పెట్టిన సంస్థ. అలా ఎక్కిన ఇద్దరిలో ఒకరైన టెన్జింగ్ నార్గే ఇక్కడే శిక్షకుడిగా చేశారు, ఆయన విగ్రహం ఇక్కడే ఉంది. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ఈ సంస్థలోనే శిక్షణ తీసుకుంది. పిల్లలతో వెళ్తే ఈ ముక్క తప్పకుండా చెప్పండి. మ్యూజియంలో పాతకాలపు తాళ్లు, బూట్లు చూశాక వాళ్ల ప్రశ్నలు ఆగవు.

రోప్‌వే మబ్బు లేని రోజైతేనే, క్యూ చిన్నగా ఉంటేనే. రాక్ గార్డెన్ వదిలేయండి. గుండె జారే వాలులో దిగి చూసేది సిమెంటు మెట్ల మధ్య జలపాతం. ఆ పూట జపనీస్ పీస్ పగోడాకు ఇస్తే మనసు కుదుటపడుతుంది.

టీ

ఊరికి ఆనుకునే హ్యాపీ వ్యాలీ తోట ఉంది. ఆకు వాడ్చడం, నలపడం, గాలికి రంగు తిరగనివ్వడం, ఆరబెట్టడం, జల్లెడ పట్టడం, ఫ్యాక్టరీలో వరసగా చూపిస్తారు. శీతాకాలంలో మొక్కలు నిద్రపోతాయి, కోత ఉండదు. యంత్రాలు తిరగడం చూడాలంటే మార్చి నుంచి నవంబర్ మధ్యే.

కొనేటప్పుడు మన ఇంటి టీ పొడి లెక్క మర్చిపోవాలి. దీన్ని పాలలో వేసి మరిగిస్తే డబ్బు దండగ. మరిగి దించిన నీళ్లలో మూడు నిమిషాలు వేసి వడకట్టి, పాలు లేకుండా తాగాలి. మార్చి, ఏప్రిల్‌లో కోసిన ఫస్ట్ ఫ్లష్ (తొలి కోత) లేత రంగులో, పూల వాసనతో ఉంటుంది. మే, జూన్ నాటి సెకండ్ ఫ్లష్ కాస్త ముదురు, ద్రాక్ష వాసన. కొత్తగా తాగేవాళ్లకు సెకండ్ ఫ్లష్‌తో మొదలుపెట్టమంటాను. భారతదేశంలో భౌగోళిక గుర్తింపు దక్కిన మొదటి వస్తువు డార్జిలింగ్ టీ. అయినా పక్క ప్రాంతాల ఆకు కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. ప్యాకెట్ మీద తోట పేరు, ఏ ఫ్లష్, ఏ ఏడాది ఉన్నాయా చూడండి. మంచి దుకాణంలో అడిగితే కప్పులో కాచి రుచి చూపిస్తారు. చూపించనన్న చోట కొనకండి.

చుట్టుపక్కల

ఒక రోజు పూర్తిగా బయటికి. రెండు దిక్కుల్లో ఒకటే ఎంచుకోండి, రెండూ ఒకే రోజు పెట్టే ప్యాకేజీకి ఒప్పుకోవద్దు.

మిరిక్ దారి పడమటి వైపు, యాభై కిలోమీటర్ల లోపు. లెప్చాజగత్ పైన్ అడవి, సిమానా వ్యూ పాయింట్, తర్వాత టీ తోటల మధ్య మలుపులు. దారే అసలు చూడాల్సింది, చివర్న ఉండే సుమెందు సరస్సు మామూలే. మధ్యలో పశుపతి దగ్గర నేపాల్ సరిహద్దు దాటి బజారు చూడొచ్చు. ఓటర్ కార్డు పెట్టుకోమన్నది అక్కడికే. కొనడానికి పెద్దగా ఏమీ ఉండదు గానీ దేశం దాటి టీ తాగొచ్చామన్న సరదా తీరుతుంది.

కాలింపాంగ్ దారి తూర్పున. పేషోక్ రోడ్డులో లామాహట్టా, కొంచెం ముందు తీస్తా, రంగీత్ నదులు కలిసే చోటు కనిపిస్తుంది. ఒకటి పచ్చగా, ఒకటి మట్టి రంగులో, కలిశాక కూడా కాసేపు విడివిడిగానే పారతాయి. జనం గోల పడనివాళ్లు తక్దా, తిన్‌చులే ఊళ్లలో హోమ్‌స్టే తీసుకుని ఒక రాత్రి ఉండొచ్చు.

సందక్‌ఫూ గురించి అందరూ అడుగుతారు. 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికన్నా ఎత్తు. ప్రపంచంలోని ఐదు పెద్ద శిఖరాల్లో నాలుగు అక్కడి నుంచి కనిపిస్తాయి. మానేభంజాంగ్ నుంచి ల్యాండ్ రోవర్లలో ఎక్కొచ్చు, నడవొచ్చు. కానీ అది వేరే ప్రయాణం. ఈ మూడు రోజుల్లో ఇరికించొద్దు. ఆ ఎత్తులో ఊపిరి, తలనొప్పి సమస్యలు నిజంగానే వస్తాయి, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వెళ్లకూడదు.

తిండి, మాట

మోమో, తుక్పా (నూడుల్స్ సూప్) వీధికో చోట దొరుకుతాయి. పోర్క్, బీఫ్ కూడా మామూలుగా వండుతారు కాబట్టి తినని వాళ్లు ముందే అడగాలి. పూర్తి శాకాహారులకు మార్వాడీ భోజనశాలలున్నాయి. దోసె దొరుకుతుంది, దాని గురించి ఎక్కువ ఆశలు వద్దు. పచ్చడి సీసా వెంట ఉంటే పిల్లలు అన్నం తింటారు. రాత్రి ఎనిమిదికల్లా చాలా దుకాణాలు కట్టేస్తారు, తొమ్మిదింటికి బయల్దేరి భోజనం వెతుక్కోవద్దు.

హిందీతో పని జరిగిపోతుంది. డ్రైవర్‌ను "దాజూ" (అన్న) అని, దుకాణంలో ఆమెను "దిదీ" (అక్క) అని పిలిస్తే బేరం కాస్త మెత్తబడుతుంది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం రైలైతే దిగేటప్పుడు కర్సియాంగ్ దగ్గర గిద్దాపహాడ్‌లో ఆగండి. 1936లో సుభాష్ చంద్రబోస్‌ను నిర్బంధంలో ఉంచిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మధ్యాహ్నం విమానమైతే ఎక్కడా ఆగకుండా, బయల్దేరే టైముకు కనీసం ఆరు గంటల ముందు డార్జిలింగ్ వదలండి. బండి ముందురోజు సాయంత్రమే మాట్లాడి, డ్రైవర్ నంబర్ తీసుకోండి, తెల్లవారుజామున స్టాండ్‌లో బండ్లన్నీ టైగర్ హిల్‌కు పోయి ఉంటాయి.